రెండే సీట్ల కారు – దాని ఆలనాపాలనా

స్పోర్ట్స్ కారు అనగానే మనలో చాలామందికి చలనచిత్రాలలో కథానాయకుడు తలుపు తెరవకుండానే దూకి కూర్చునే ఎర్రని వాహనమో, కోటీశ్వరుల పోర్టికోలో దుప్పటి కప్పుకొని నిద్రించే యంత్రమో స్ఫురించడం సహజం. అటువంటి కారును ఒక ఉద్యోగస్థురాలు ప్రతిదినం కార్యాలయానికి నడుపుకొని వెళ్ళడం, అందులోనే కూరగాయలు తేవడం, దాని ఇంజన్ ఆయిలును తానే మార్చుకోవడం మన ఊహకు సులభంగా అందవు. మూడు దశాబ్దాలుగా యాంత్రిక నిర్వహణ శాఖలో క్రేన్లనూ, పంపులనూ, కన్వేయర్లనూ సాకుతూ వస్తున్న మాకు సైతం అటువంటి వాహనాన్ని చేతితో తాకి చూసే సందర్భం 2023 అక్టోబరు వరకు కలుగలేదు.

ఆ సంవత్సరం ఆర్జిత సెలవు పెట్టి, శ్రీమతితో కలిసి అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని నోవై అనే ఊరికి వెళ్ళాము. డెట్రాయిట్ నగర శివారులోని ఆ ఊళ్ళో తెలుగువారు అధికం. మా అమ్మాయి, అల్లుడు అక్కడే ఉద్యోగాలు చేస్తున్నారు. అమ్మాయికి అప్పుడు నాలుగవ నెల. ఇంట్లో రెండు వాహనాలు: ఒకటి అయిదుగురు కూర్చునే పెద్ద బండి, రెండవది మా అమ్మాయి వివాహానికి పూర్వమే, 2019లో, సెకండ్‌హ్యాండులో కొనుక్కున్న మాజ్డా ఎం.ఎక్స్.-5. ఇది 2016 నమూనా. అక్కడివారు దానిని ‘మియాటా’ అని పిలుస్తారు. సీట్లు రెండే. బిడ్డ పుట్టబోయే ఇంట్లో ఈ రెండు సీట్ల బండి ఉండవచ్చునా, అమ్మివేయవలెనా అన్నది ఆ దంపతుల మధ్య నలుగుతున్న సమస్య. మేము విమానం దిగిన మూడవ రోజున అల్లుడు, “మామయ్యగారూ, మీరు యంత్రాల మనిషి. దానిని ఒకసారి పూర్తిగా చూసి చెప్పండి, ఉంచాలా తీసేయాలా” అన్నాడు. అమ్మాయి ఏమీ అనలేదు. కారు తాళాలూ, ఒక నల్ల అట్ట నోటు పుస్తకమూ తెచ్చి మా చేతిలో పెట్టింది.

ఇంతకూ ఈ కారు సంగతి కొంచెం చెప్పవలసి ఉన్నది. 1960లలో ఇంగ్లండులో చిన్న చిన్న టాపు లేని కార్లు విరివిగా తయారయ్యేవి. మన మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు మన తరంవారికి గుర్తుండే ఉంటుంది. ఆ హెరాల్డుకు ఇంగ్లండులో మూలమైన ట్రయంఫ్ హెరాల్డు చాసిస్ ఆధారంగానే ‘స్పిట్‌ఫైర్’ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును అక్కడ తయారుచేశారు. ఆ జాతి కార్లు చూపులకు ముద్దుగా ఉండేవి. అయితే ఆయిలు కార్చడంలో, వానలో మొరాయించడంలో వాటికవే సాటి. 1980ల నాటికి ఆ ముచ్చట దాదాపు ముగిసింది. అప్పుడు జపానులోని హిరోషిమా నగరానికి చెందిన మాజ్డా సంస్థ అదే తేలికపాటి కారును, కారకుండా, మొరాయించకుండా తయారుచేయాలని సంకల్పించి, 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో తొలి ఎం.ఎక్స్.-5ను ప్రపంచానికి చూపింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారైనవి. మన దేశంలోనూ 1990ల చివర ‘శాన్ స్టార్మ్’ పేరిట రెండు సీట్ల కారు ఒకటి గోవాలో తయారైంది గాని అది ఎక్కువమందిని చేరలేదు.

ఆ జపాను ఇంజనీర్లు తమ ఆశయానికి పెట్టుకున్న మాట ‘జిన్బా ఇత్తాయ్’ – గుర్రమూ రౌతూ ఒకే దేహంగా ఉండడం అని దాని భావం. ఈ మాట వినగానే మాకు భారతంలోని నలుడు గుర్తుకు వచ్చాడు. బాహుకుడై ఋతుపర్ణుని కొలువులో ఉన్నప్పుడు విదర్భకు ఒక్క పగటిలో చేరవలసి వస్తే, అశ్వహృదయం తెలిసిన నలుడు శాలలోని బలిసిన గుర్రాలను విడిచి బక్కపలచని గుర్రాలను ఎన్నుకున్నాడు. ఇవేం లాగుతాయని రాజు సందేహించాడు కూడా. మాజ్డావారు చేసిన పని కూడా అదే. 2016 నమూనా కారు బరువు 1,060 కిలోలకు కాస్త అటూ ఇటూ. బానెట్టు, డిక్కీ తలుపు, ముందు మడ్‌గార్డులు అల్యూమినియంతో చేశారు. ఇంజను రెండు లీటర్లది, 155 అశ్వశక్తి. అంకెలలో ఇదేమీ గొప్ప కాదు. అల్లుడి పెద్ద బండిలోనే ఇంతకన్నా ఎక్కువ శక్తి ఉన్నది. కాని మోయవలసిన బరువు తక్కువైనప్పుడు బ్రేకు చిన్నదైనా చాలు, టైరు సన్ననిదైనా చాలు, స్ప్రింగు మెత్తనిదైనా చాలు. బరువు తగ్గించడం వలన కలిగే లాభం ఒక్కచోట ఆగదు. క్రేను గిర్డరు డిజైను చేసిన వారికి ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక దైనందిన జీవితం. ఈ కారు డిక్కీ 130 లీటర్లు మాత్రమే. మనకు తెలిసిన కొలమానంలో చెప్పాలంటే విమానంలో చేత పట్టుకొని వెళ్ళే పెట్టెలు రెండు పడితే నిండిపోతుంది. ముందుభాగంలో కాగితాలు పెట్టుకునే అర లేదు. రెండు సీట్ల మధ్య వెనుకగా తాళం వేసుకునే చిన్న గూడు ఒకటి ఉన్నది. స్టెప్నీ చక్రం లేదు. దానికి బదులు రంధ్రం పూడ్చే జిగురు ద్రవం సీసా, చిన్న గాలిపంపు ఇచ్చారు. భారతీయ దుకాణానికి వెళ్ళి సోనా మసూరి బియ్యం బస్తా కొంటే దానిని పక్కసీటులోనే కూర్చోబెట్టవలసి ఉంటుంది. బరువు తగలగానే మనిషి కూర్చున్నాడనుకొని కారు బెల్టు కోసం గణగణ మోగుతుంది. కనుక బియ్యం బస్తాకు శ్రద్ధగా సీటుబెల్టు కట్టి ఇంటికి తీసుకురావడం మా అమ్మాయికి అలవాటు.

మా శ్రీమతి చీరతో ఆ కారులో దిగడం – ఎక్కడం అనే మాట ఇక్కడ కుదరదు – ఒక ప్రత్యేక కార్యక్రమం. సీటు నేలకు అంత దగ్గర. ముందు కూర్చొని, తరువాత కాళ్ళు లోపలికి తిప్పుకోవాలి. మొదటిరోజు “ఏమండీ, బావిలో దిగినట్టుందండీ” అన్నది. రెండవ వారంలో, ఎండగా ఉన్న ఒక మధ్యాహ్నం, టాపు తీసి తల్లీకూతుళ్ళు ఊరి చివరి చెరువు దాకా వెళ్ళి వచ్చారు. తిరిగి వచ్చేసరికి మా శ్రీమతి జుట్టంతా రేగి ఉన్నది; ముఖం మాత్రం ఇరవై ఏళ్ళు వెనక్కు వెళ్ళినట్టున్నది. కాని ఆ రాత్రి కూడా “బిడ్డ పుట్టాక ఆ బండెందుకు” అనే అన్నది. ఆ రెండు అభిప్రాయాలలో ఏదీ అబద్ధం కాదని మా నమ్మకం.

నల్ల అట్ట పుస్తకం విషయానికి వస్తాము. మన షాపులలో షిఫ్టు లాగుబుక్కు ఎలా వ్రాస్తామో అలాగే వ్రాసి ఉన్నది. తేదీ, మైళ్ళు, చేసిన పని, వాడిన వస్తువు, గమనిక. 22,000 మైళ్ళ వద్ద, అనగా సుమారు 35,000 కిలోమీటర్ల వద్ద, కొన్నది. మేము చూసేనాటికి 51,000 మైళ్ళు తిరిగింది. ప్రతి 5,000 మైళ్ళకు ఆయిలు, ఫిల్టరు. నాలుగు లీటర్ల పైచిలుకు పట్టే ఈ ఇంజనుకు ‘0డబ్ల్యు-20’ అనే పలుచని ఆయిలు వాడాలి. మనకు అలవాటైన చిక్కని ఆయిళ్ళతో పోలిస్తే ఇది నీళ్ళలా కనిపిస్తుంది. బేరింగులలో సందులు ఎంత సూక్ష్మమైతే ఆయిలు అంత పలుచనిదై ఉండాలి. పైగా అక్కడి చలిలో చిక్కని ఆయిలు ఇంజను పైభాగానికి చేరడానికే ఆలస్యం చేస్తుంది. రెండేళ్ళకొకసారి బ్రేకు ద్రవం మార్పు. ఆ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. ఈ కారులో టైమింగు బెల్టు లేదు, గొలుసు ఉన్నది. కనుక తొలి తరం కార్ల యజమానులకు 60,000 మైళ్ళ దగ్గర వచ్చే పెద్ద ఖర్చు దీనికి లేదు.

2020 నాటి ఒక పుట మీద ఎర్రసిరాతో పెద్ద గీత ఉన్నది. అడిగితే చెప్పింది. ఆ యేడు పని ఒత్తిడిలో ఒక సర్వీసు కేంద్రంలో ఆయిలు మార్పించింది. అక్కడివారు కారును లిఫ్టు మీద ఎత్తేటప్పుడు, ఎత్తవలసిన బిందువుల దగ్గర కాకుండా తలుపు కింది రేకు అంచు మీద దిమ్మెలు పెట్టారు. ఆ అంచు చీపురుపుల్ల వంగినట్టు వంగింది. ఆయిలు కూడా గుర్తుకు పైన అరలీటరు అదనంగా పోశారు. అడిగితే “చిన్న విషయం” అన్నారు. తేలిక కోసం పలుచగా చేసిన శరీరానికి చిన్న విషయం అనేది ఉండదు. ఆనాటి నుంచి తానే రెండు ర్యాంపులు, ఒక టార్క్ రెంచి కొనుక్కొని పని మొదలుపెట్టిందట. డ్రెయిన్ బోల్టు కింద రాగి రంగు వాషరు ప్రతిసారీ కొత్తది వేస్తున్నట్టు పుస్తకంలో వ్రాసి ఉన్నది. మన షాపులో ఈ మాట ఎన్ని సంవత్సరాలుగా చెబుతున్నామో, ఎంతమంది వింటున్నారో పాఠక మిత్రులకు తెలుసు.

టైర్ల విషయం వేరుగా చెప్పాలి. దీనికి వేసవి టైర్లు ఉంటాయి. వాటి రబ్బరు ఎండలో తారురోడ్డును పట్టుకున్నట్టు మరే టైరూ పట్టుకోదు. కాని ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువకు పోతే బిరుసెక్కి చెక్కలా అవుతుంది. కనుక అక్టోబరు చివర వేసవి టైర్లను నమ్ముకొని ఉదయం ఏడు గంటలకు వేగంగా వంపు తిరగడం ప్రాణాపాయం. గాలి పీడనం చదరపు అంగుళానికి 29 పౌండ్లు ఉండాలని తలుపు పక్క చీటీ మీద వ్రాసి ఉన్నది. 21 డిగ్రీల ఉష్ణోగ్రతలో సరిగ్గా 29 నింపితే, సున్నా డిగ్రీల ఉదయాన అది సుమారు 26కు పడిపోతుంది. గే-లుసాక్ సూత్రం అమెరికాలోనూ పనిచేస్తుంది. పెద్ద బండిలో మూడు పౌండ్ల తేడా డ్రైవరుకు తెలియదు. ఇందులో స్టీరింగు పట్టుకున్న చేతికి తెలిసిపోతుంది. తేలిక యంత్రం తన బాధను దాచుకోలేదు. దాని పోషణలోని కష్టమూ అదే, సుఖమూ అదే.

అయితే ఈ కారులో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఏదని మమ్మల్ని అడిగితే, ఇంజను కాదు, గేర్‌బాక్సు కాదు, సీట్ల వెనుక ఇరుపక్కలా ఉన్న రెండు తూములు అంటాము. టాపు గుడ్డది. దాని మీద పడ్డ వాననీరు వెనుక అంచున ఉన్న కాలువలోకి దిగి, అక్కడి నుంచి రెండు గొట్టాల ద్వారా కారు అడుగు నుంచి నేల మీదికి పోతుంది. ఆ తూములలో ఆకులు, దుమ్ము చేరి పూడుకుపోతే నీరు పోయే దారి లేక లోపలికి పొర్లుతుంది. తివాసీ కింద చేరుతుంది. పైకి ఏమీ కనబడదు. నెల తరువాత వాసన వస్తుంది, ఏడాది తరువాత రేకు తింటుంది. నోవైలో మేముండగా మేపుల్ చెట్లు ఎర్రగా, పసుపుగా మారి, ఊరంతా ఆకులు రాలుస్తున్నవి. కవులకు అది శరచ్ఛోభ. మా అమ్మాయికి మాత్రం వారానికొకసారి తూములు శుభ్రం చేసే కాలం. మెత్తని ప్లాస్టిక్ తీగను మెల్లగా దింపి, ఒక గ్లాసెడు నీళ్ళు పోసి, కింద ఎంత వేగంగా కారుతున్నవో చూస్తుంది. ఇనుపతీగ వాడరాదు, గొట్టం ఊడినా, చిరిగినా నీరు సరాసరి రేకు మడతలలోకి పోతుంది. తుఫాను ముందు మన షెడ్ల పైకప్పు గట్టర్లు శుభ్రం చేయించడం గుర్తుకు రాలేదంటే నమ్మకండి.

మేము కారు కింద పడుకొని చూసిన అసలు విషయం తుప్పు. డెట్రాయిట్ నగరం కింద, సుమారు 350 మీటర్ల లోతున, ఉప్పు గని ఉన్నది. శీతకాలంలో మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. భూమి కింది ఉప్పు, భూమి మీది కార్లను తినడం ఆ ఊరి విచిత్రం. కార్లు చేసే ఊరే కావడం మరీ విచిత్రం. సముద్రపు గాలి సోకే ప్రాంతాలలో పనిచేసిన మన మిత్రులకు ఉప్పు చేసే పని తెలియనిది కాదు. అయితే అక్కడ ఇంకొక కిటుకు ఉన్నది. ఉప్పునీటితో తడిసిన కారు బయట గడ్డకట్టే చలిలో ఉన్నంతసేపు తుప్పు మందకొడిగానే ఉంటుంది. దానిని తెచ్చి వెచ్చని గ్యారేజీలో పెడితే రసాయనిక చర్య వేగం పుంజుకుంటుంది. ప్రేమగా లోపల పెట్టుకున్న కారు, వీధిలో వదిలిన కారు కన్నా త్వరగా పాడయ్యే అవకాశం ఉన్నదన్నమాట. కాబట్టి లోపల పెట్టే ముందు అడుగుభాగం మంచినీటితో కడగడం తప్పనిసరి.

మా అమ్మాయి తొలి రెండు శీతకాలాలు, వేరే వాహనం లేనందువలన, శీతకాలపు టైర్లు వేసి ఇదే కారును మంచులో నడిపింది. ఆ గుర్తులు అడుగున కనిపించాయి. వెనుక సస్పెన్షను చేతుల వెల్డింగు అంచులలో, కొన్ని బోల్టు తలల మీద ఎర్రని తుప్పు. స్క్రూడ్రైవరు మొనతో పొడిచి, గీకి చూశాము. రేకు ఎక్కడా మెత్తబడలేదు, పొరలుగా రాలలేదు. పైపై తుప్పే. తలుపు కింది పెట్టె భాగాలను బొటనవేలితో నొక్కి, తట్టి శబ్దం విన్నాము, గట్టిగానే పలికాయి. వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు మార్చే ద్రావకం పూసి, ఆపై ఆయిలు పూత వేయిస్తే చాలునని నిర్ధారించాము. పూత వేసేటప్పుడు నీరు పోవడానికి ఉంచిన చిన్న రంధ్రాలు మూయకూడదని ఆ నల్ల పుస్తకంలోనే వ్రాశాము. మా దస్తూరీ ఆ పుస్తకంలో పడిన మొదటి సందర్భం అది.

నవంబరు రెండవ శనివారం కారును శీతకాలానికి నిద్రపుచ్చే కార్యక్రమం పెట్టుకున్నాము. అమ్మాయి వంగకూడదు, పడుకొని దూరకూడదు. కనుక గ్యారేజీ గుమ్మంలో మడతకుర్చీ వేసుకొని, ఒడిలో పుస్తకం పెట్టుకొని, ఆజ్ఞలు ఇవ్వడానికి కూర్చున్నది. కూలీలు ఇద్దరు: ముప్ఫై ఏళ్ళ నిర్వహణానుభవం కలిగిన మేమూ, కంప్యూటరు తప్ప మరొక పనిముట్టు పట్టని అల్లుడూ. పాత ఆయిలులో చేరిన ఆమ్లం అయిదు నెలలు ఇంజనులో ఉండకూడదు. కనుక ఆయిలు ముందు మార్చాము. ట్యాంకు నిండా పెట్రోలు పోసి, నిలవ ఉండే మందు కలిపాము. అక్కడి పెట్రోలులో పదిశాతం ఎథనాల్ ఉంటుంది. ట్యాంకులో ఖాళీ ఉంటే అందులోని తేమగాలిని అది పీలుస్తుంది. మన దేశంలోనూ ఇప్పుడు ఇరవై శాతం ఎథనాల్ పెట్రోలు వచ్చింది కనుక, నెలల తరబడి వాహనాన్ని కదపకుండా ఉంచే మిత్రులు ఈ సంగతి గమనించాలి.

టైర్లలో నాలుగైదు పౌండ్లు అదనంగా గాలి నింపాము; ఒకేచోట నిలిచి ఉంటే టైరు అడుగు చదునవుతుంది. హ్యాండ్ బ్రేకు వేయలేదు; వేసి వదిలితే బ్రేకు పట్లు అతుక్కుపోవచ్చు. గేరులో ఉంచి చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టాము. బ్యాటరీకి సన్నని కరెంటు అందించే చిన్న చార్జరు తగిలించాము. పూర్తిగా చార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు యాభై డిగ్రీల దిగువన కూడా గడ్డకట్టదు. చార్జి దిగిపోయిందో, అందులో మిగిలేది ఇంచుమించు నీరే కనుక మామూలు చలికే గడ్డకట్టి పగులుతుంది. చివరిగా, ఎలుకలు దూరకుండా సైలెన్సరు గొట్టంలో ఇనుప పీచు కుక్కాము. అది మరచి స్టార్టు చేయకుండా అమ్మాయి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో “పీచు తీయకుండా తాళం తిప్పరాదు” అని తెలుగులో వ్రాసి స్టీరింగుకు కట్టించింది.

అన్నీ అయ్యాక అల్లుడు చేతులు తుడుచుకుంటూ, “ఇప్పుడు చెప్పండి మామయ్యగారూ” అన్నాడు. అతని వాదన సమంజసమైనదే. పసిబిడ్డ సీటు వెనుక సీటులో, వెనుకకు తిరిగి అమర్చాలి. ఈ కారులో వెనుక సీటే లేదు. ఇద్దరూ ఉద్యోగస్థులైన ఇంట్లో ఒకరు పెద్ద బండి తీసుకుపోతే, రెండవవారు బిడ్డను ఆసుపత్రికి ఎలా తీసుకుపోవాలి? భీమా, టైర్లు, ఆయిళ్ళు కలిపి ఎంతవుతుందో కూడా అతడు లెక్క వేసి ఉంచాడు.

మేము చూసిన యంత్రం గురించి మాత్రమే చెప్పాము. ఇంజను ఆరోగ్యంగా ఉన్నది. రేకు గట్టిగా ఉన్నది. ఇకమీదట ఉప్పురోడ్డు ఎక్కించకపోతే, తూములు మూసుకుపోకుండా చూస్తే మరో పదేళ్ళు నిక్షేపంగా తిరుగుతుంది. డబ్బు లెక్క చూస్తే పెద్ద బండి కన్నా దీని ఖర్చు తక్కువ. టైర్లు చిన్నవి, ఆయిలు తక్కువ, లీటరుకు పదమూడు కిలోమీటర్లు ఇస్తున్నట్టు పుస్తకం చెబుతున్నది. దీనికి కావలసినది డబ్బు కాదు, ధ్యాస. వారానికి ఒక అరగంట ఎవరో ఒకరు దీని దగ్గర కూర్చోవాలి. వాడితే చెడే బండి కాదు ఇది, మరచిపోతే చెడే బండి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ అరగంట ఎవరి దగ్గర ఉంటుందో మీరిద్దరూ తేల్చుకోండి. తేలకపోతే ఇప్పుడు బాగున్నప్పుడే బాగా చూసుకునేవారికి అమ్మివేయడం యంత్రానికి కూడా మేలు అన్నాము.

అమ్మాయి కాసేపు పుస్తకం అట్ట వైపు చూస్తూ ఉండిపోయింది. తరువాత, “నాన్నా, వారమంతా ఆఫీసు వాళ్ళది. ఇకమీదట మిగిలినదంతా పాపదో బాబుదో. నాకని ఉన్నది ఆ అరగంటే. అది ఈ బండి దగ్గర కూర్చుంటేనే నాకు దొరుకుతోంది” అన్నది. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. మా శ్రీమతి లోపలి నుంచి టీలు తెస్తూ గుమ్మంలోనే ఆగింది. ఇద్దరు పిల్లలను పెంచుతూ తన కుట్టుమిషనును అటక ఎక్కించిన సంవత్సరం ఆమెకు గుర్తుకు వచ్చి ఉంటుంది. ఆ రాత్రి నుంచి ‘ఆ బండెందుకు’ అన్న మాట మళ్ళీ ఆమె నోట వినలేదు. అల్లుడు ఏమీ మాట్లాడక చార్జరు పచ్చదీపం వెలుగుతున్నదో లేదో వంగి చూసి, గ్యారేజీ తలుపు దించాడు. ఏప్రిల్ వరకు ఈ మాట ఎత్తకూడదని ఒప్పందం కుదిరింది.

మేము నవంబరు నెలాఖరుకు తిరిగి వచ్చి విధులలో చేరాము. శ్రీమతి ఫిబ్రవరిలో పురిటికి మళ్ళీ వెళ్ళింది. 2024 మార్చి చివరి వారంలో మనుమరాలు పుట్టింది. అల్లుడు తన ఉద్యోగాన్ని వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే చేసుకునేలా ఏర్పాటు చేసుకున్నాడనీ, కనుక ప్రస్తుతానికి ఒక పెద్ద బండి చాలుననీ శ్రీమతి ఫోనులో చెప్పింది. రెండు సీట్ల కారు సంగతి మరుసటి ఏప్రిల్‌లో మళ్ళీ చూస్తారట.

ఏప్రిల్ మూడవ ఆదివారం, మనకు రాత్రి తొమ్మిదిన్నర వేళ, అల్లుడి నుంచి వీడియో ఫోను వచ్చింది. మనుమరాలిని చూపిస్తాడేమోనని కళ్ళజోడు సర్దుకున్నాము. తెర మీద కనిపించినది సగం తెరిచిన టాపు, ఒక నీళ్ళ గ్లాసు. “మామయ్యగారూ, పీచు తీసేశాను. కుడివైపు తూములో నీళ్ళు గబగబా దిగుతున్నాయి, ఎడమవైపు మాత్రం బొట్టు బొట్టుగా. ఆ తీగ ఎంత లోతు దింపవచ్చు?” అన్నాడు. మెల్లగా తిప్పుతూ దింపమనీ, బలవంతం చేయవద్దనీ చెప్పాము. వెనుక నుంచి పసిపాప ఏడుపు, దాని మీదుగా అమ్మాయి గొంతు వినిపించాయి: “ఇనుపతీగ కాదు కదా పెట్టింది?”

“కాదు, ప్లాస్టిక్‌దే” అని అల్లుడు ఫోనును సీటు మీద పెట్టి పనిలో పడ్డాడు. కొంతసేపు మాకు నోవై ఆకాశం మాత్రమే కనిపించింది.